పచ్చిక ప్రారంభోత్సవం

గడ్డి విషయంలో మానవజాతి రెండు రకాలు: కోసేవాళ్ళు, కోయించేవాళ్ళు. కోరుట్లలో మూడో రకం కూడా ఉంది. దుబాయిలో కోయించి వచ్చామని చెప్పుకునేవాళ్ళు!

ప్రభాకర్ మూడో రకం. పన్నెండేళ్ళు దుబాయిలో ఉండి, మూడేళ్ళ కింద తిరిగొచ్చి, మెట్‌పల్లి రోడ్డు పక్క కాలనీలో రెండు గదుల ఇల్లు కట్టి, గేటుకు బోర్డు పెట్టించాడు. 'ప్రభాకర్, గార్డెన్ సూపర్‌వైజర్, దుబాయి.' ఇందులో ప్రభాకర్ నిజం, గార్డెన్ నిజం, దుబాయి నిజం. నాలుగింట మూడు మాటలు నిజం పలికే బోర్డు ఆ కాలనీలో ఇంకొకటి లేదు.

పన్నెండేళ్ళూ అతను చేసిన పని గడ్డి మిషన్ వెనక నడుస్తూ దాన్ని నెట్టడం. రోజుకు ఎనిమిది ఇళ్ళ పచ్చికలు కోసేవాడు. సూపర్‌వైజర్ వేరే ఉండేవాడు. అతను నీడలో కుర్చీ వేసుకుని, అరగంటకోసారి "యల్లా, యల్లా" అనేవాడు. కానీయండి, కానీయండి అని అర్థం. ఆ ఉద్యోగం ప్రభాకర్‌కు కంఠతా వచ్చు. ఉన్నవే రెండు మాటలు, అందులో రెండోది మొదటిదే!

బోర్డు వల్ల ప్రభాకర్‌కు ఒక కుర్చీ దొరికింది. చిన్న విషయం కాదు. ఒకప్పుడు ఊరిని ఏలిన దొర, దామోదర్ రావు తాత, కోటలాంటి గడి ముందు ప్రభాకర్ తాత చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడేవాడు. తండ్రి అరుగు కింద నేల మీద కూర్చునేవాడు. ప్రభాకర్‌కు మాత్రం దామోదర్ రావు కొత్త ఇంటి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేస్తున్నారు. "రండి ప్రభాకర్ గారూ, కూసోండి" అంటున్నారు. ఆ 'గారు' వినబడ్డప్పుడల్లా ప్రభాకర్ వెన్ను రెండంగుళాలు పెరిగేది. మూడు తరాలకు దక్కిన కుర్చీ. నాలుగు కాళ్ళూ అబద్ధం మీదే ఆనినా, కుర్చీ కుర్చీయే కదా!

ఇలా ఉండగా దామోదర్ రావుకు షుగర్ వచ్చింది. రోజూ గడ్డి మీద వట్టి కాళ్ళతో నడవమని డాక్టర్ చెప్పాడు. వెంటనే ఇంటి ముందు పచ్చిక వేయించాడు. జగిత్యాల నుంచి పెట్రోలు మిషన్ తెప్పించాడు. రిటైర్డ్ సూపరింటెండెంట్ భాస్కర్ ఆహ్వాన పత్రం రాశాడు. "యావన్మంది కాలనీవాసులకు తెలియజేయునది ఏమనగా, రాబోవు ఆదివారం ఉదయం పది గంటలకు పచ్చిక ప్రారంభోత్సవము జరుపబడును."

మిషన్ నడిపేది ఐలయ్య. దామోదర్ రావు ఇంట్లో చెట్లకు నీళ్ళు పోస్తాడు. ప్రభాకర్ భార్య శైలజకు తండ్రి.

"ఐలయ్య నెడుతడు. మీరు జర నీడకు కూసొని చూసుకుంటే సాలు" అన్నాడు దామోదర్ రావు.

"దాందేముంది సార్" అన్నాడు ప్రభాకర్.

ఆదివారం తెల్లవారుజామున వాన పడింది. పది గంటలకు ప్రభాకర్ ఇస్త్రీ ప్యాంటు, పాలిష్ బూట్లతో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఒక్కసారి చూపు తిప్పాడు. గడ్డి తడిగా ఉంది. ఇల్లు కట్టినప్పటి కంకర రాళ్ళు గడ్డిలో అలాగే ఉన్నాయి. ఐలయ్య కాళ్ళకు రబ్బరు చెప్పులున్నాయి. ఇవి ఒక ఎత్తు, మిషన్ ఒక ఎత్తు. మిషన్ పిడి మీద ఇంకో కడ్డీ ఉంటుంది. ఆ రెండూ కలిపి పట్టుకుంటేనే ఇంజన్ నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. మనిషి జారిపడితే మిషన్ ఆగాలని పెట్టిన ఏర్పాటు అది. ఆ కడ్డీని పిడికి కలిపి సైకిల్ ట్యూబు ముక్కతో కట్టేశారు.

"అదేంది సార్?"

"మాటిమాటికి వట్టుకుంటె ఐలయ్యకు సేతులు గుంజుతయని నేనే కట్టించిన. ఎట్లున్నది ఐడియా?"

ఇక్కడ ప్రభాకర్‌కు ఒక చిక్కుంది. సూపర్‌వైజర్‌కు ఎంత తెలిసి ఉండాలి? పన్నెండేళ్ళలో తన సూపర్‌వైజర్ ఆ కడ్డీ వంక చూసిన పాపాన పోలేదు. దాని సంగతి చెబితే, దాన్ని ఎవరు పట్టుకున్నారో కూడా చెప్పినట్టే!

"మంచిగున్నది సార్" అన్నాడు. తర్వాత మనసు ఊరుకోక, "మామా, బూట్లు లేవా?" అన్నాడు.

"బూట్లా అల్లుడా? నా పెండ్లికే లేవు, గడ్డి పెండ్లికెక్కడియి?"

"బూట్లతోని తొక్కితే గడ్డి ఖరాబైతది ప్రభాకర్ గారూ" అన్నాడు దామోదర్ రావు.

"రాళ్లన్న ఏరిపిస్తే..."

"రాళ్ళ విషయం కార్యక్రమంల లేదు" అన్నాడు భాస్కర్, కాగితం చూసి.

ఇక ప్రభాకర్ తన పదవికి తగ్గ మాటే అన్నాడు. "యల్లా, యల్లా!"

రిబ్బను కత్తెరతో కోస్తే కొత్తేముంది? మిషన్‌తోనే కోయాలన్నది భాస్కర్ ఆలోచన. గడ్డికి జానెడు ఎత్తున రెండు మేకుల మధ్య ఎర్ర పట్టీ కట్టారు. సిరిసిల్ల పాలిస్టర్ గుడ్డ. సాగుతుంది గానీ తెగదు.

ఐలయ్య మిషన్ తాడు గుంజాడు. అంటుకోలేదు. మళ్ళీ గుంజాడు. అతను గుంజినప్పుడల్లా వరండాలో ప్రభాకర్ కుడి చెయ్యి దానంతటదే వెనక్కి లాగబడుతోంది. దాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"పక్కకు రబ్బరు బుడ్డ ఉంటదేమో సూడు మామా. మూడుసార్లు ఒత్తు. అంటే... మా పనోళ్లు గట్ల ఒత్తేటోళ్లు."

ఒత్తాడు. గుంజాడు. అంటుకుంది! ముప్ఫై మంది చప్పట్లు కొట్టారు. ఐలయ్య నెట్టుకుంటూ పోయి పట్టీకి తగిలించాడు. పట్టీ తెగలేదు. మేకులు ఊడాయి. పట్టీ మొత్తం కత్తి కిందికి పోయి ఇరుసుకు చుట్టుకుంది. మిషన్ మూలిగి ఆగిపోయింది.

"యంత్రం ఆగినది గనుక ప్రమాదం లేదు" అని భాస్కర్ ప్రకటించాడు.

"ఐలయ్యా, సెయ్యి వెట్టి గుంజెయ్" అన్నాడు దామోదర్ రావు.

ఐలయ్య మిషన్ ముందు భాగం పైకెత్తి, వరండా వైపు చూడకుండా చెయ్యి లోపలికి పెట్టాడు.

ప్రభాకర్‌కు కోనరావుపేట రాజం కనిపించాడు. దుబాయిలో ఇద్దరిదీ ఒకే గది. ఆగిన మిషన్ కిందే రాజం చెయ్యి పెట్టింది. రెండు వేళ్ళు పోయాయి. ఇప్పుడు ఊళ్ళో, ఆఫీసు లిఫ్టు తలుపులో పడ్డాయని చెప్పుకుంటున్నాడు. రాజం కూడా సూపర్‌వైజరే మరి!

కుర్చీ వెల్లకిలా పడింది. ప్రభాకర్ మూడు మెట్లు ఒక్క దూకుతో దిగి, బురదలో మోకాళ్ళ మీద జారి, మామ చెయ్యి బయటికి లాగాడు. అదే ఊపులో ఇంజన్ ప్లగ్గు మీది వైరు తొడుగు పీకేశాడు.

"ఆగిన మిషన్ అంటే సచ్చిన మిషన్ గాదు మామా! గా పట్టీ గుంజితే కత్తి తిరుగుతది. కత్తి తిరిగితే ఇంజన్ అందుకుంటది. నీ వేళ్లు గీ గడ్డిలనే ఏరుకుందువు!"

ఆ తర్వాత అతని నోరు ఆగలేదు, చేతులూ ఆగలేదు. సైకిల్ ట్యూబు కోసి పారేశాడు. ఇంజన్ గాలి పీల్చే జల్లెడ ఉన్న వైపు పైకి ఉండేలా మిషన్‌ను ఒరగబెట్టాడు. "ఇటు దిక్కు కింద వడితే నూనంత జల్లెడలకొస్తది!" పుల్లతో పట్టీ చుట్టు విప్పాడు. "తడి గడ్డి కొయ్యద్దు, కాలు జారుతది, మిషన్‌కు మెత్తుకుంటది! ఎన్కకు గుంజుకుంట కొయ్యద్దు, ముందటికే నెట్టాలె! వాలుంటె అడ్డంగ పోవాలె! ఇంజన్ సల్లారందే పెట్రోల్ పొయ్యద్దు!" పన్నెండేళ్ళ చదువు, మూడేళ్ళుగా దాచిపెట్టింది, ఒక్కసారే బయటపడింది.

లేచి చూసేసరికి ముప్ఫై మందీ మిషన్ చుట్టూ చేరారు.

"ఇదంత నీకెట్ల ఎర్క ప్రభాకర్?" అన్నాడు దామోదర్ రావు.

'గారు' ఎక్కడో గడ్డిలో రాలిపోయింది.

ప్రభాకర్ ప్యాంటు మోకాళ్ళ వంక చూసుకున్నాడు. "పన్నెండేండ్లు నెట్టిన సార్."

"మరి సూపర్‌వైజర్?" అన్నాడు భాస్కర్.

"ఆయన నీడకు కూసునేటోడు. నేను ఎండకు."

భాస్కర్ పడిపోయిన కుర్చీని లేపి, తుడిచి, తాను కూర్చున్నాడు. దామోదర్ రావు కోయని గడ్డి వంక చూశాడు. "మంచిదే అయింది. ఇగ వచ్చే ఐతారం నువ్వే వచ్చి కోసిపో."

ఇంటికి పోయి ప్రభాకర్ మంచం మీద కూర్చున్నాడు. శైలజ స్టూలు వేసుకుని అటక మీద నుంచి దుబాయి దుప్పటి సంచి దించింది. అందులోంచి బూట్లు తీసి అతని ముందు పెట్టింది. ముందు వైపు ఇనుప తొడుగున్న బూట్లు. అడుగున గడ్డి మరకలు.

ప్రభాకర్ ఒక బూటు తిప్పి చూశాడు. "నీకు ఎప్పటిసంది ఎర్క?"

"మొదటిసారి సుట్టీకి అచ్చినప్పటిసంది. ఆఫీసుల కూసునేటోనికి ఇనుప బూట్లెందుకు? గిదొక్కటేనా? పండుకుంటే సెయ్యి గుంజుతవు. బాయిల బొక్కెన తోడినట్టు. మన గల్లీల దుబాయి నుంచి అచ్చినోళ్లు పదకొండు మంది. పదకొండు మంది సూపర్‌వైజర్లే! మరి గాడ పనెవలు చేసిండ్రు?"

"మామకు గూడ ఎర్కనా?"

"బూట్లు అటక మీద వెట్టింది ఆయననే. పోనీ బిడ్డా, కుర్సీల నాలుగొద్దులు కూసోనీ, మనింట్ల ఎవలు కూసున్నరు అన్నడు."

మిషన్ కింద చెయ్యి పెడుతున్నప్పుడు మామ వరండా వైపు ఎందుకు చూడలేదో ప్రభాకర్‌కు ఇప్పుడు తెలిసింది. అల్లుడు కుర్చీలోంచి లేవాల్సి వస్తుందని. సాయంత్రం పెయింటు డబ్బా తెచ్చి, బోర్డు మీద ఒక మాట కొట్టేశాడు. 'ప్రభాకర్, గార్డెన్, దుబాయి' మిగిలింది. అర్థం తగ్గింది. నిజం వంద శాతానికి చేరింది.

తర్వాతి ఆదివారం ఎండ కాసింది. ప్రభాకర్ ఇనుప బూట్లు తొడుక్కుని పోయి, గంటసేపు గడ్డిలో కంకర ఏరాడు. నూనె చూశాడు. పిడి పట్టుకుని ఆగాడు.

"ఏమైంది?" అన్నాడు దామోదర్ రావు.

"సూపర్‌వైజర్ లేంది మిషన్ మొదలువెట్టద్దు సార్. రూల్. ఆయనకు నీడకు కుర్సీ ఉండాలె."

"రూలు రాతపూర్వకంగా ఉన్నదా?" అన్నాడు భాస్కర్.

"నా వీపు మీద ఎండతోని రాసిండ్రు సార్. అంగీ ఇప్పి సూపాల్నా?"

గడ్డి చీలమండ దాటింది. మిషన్ సరిగ్గా నడపగలిగినవాడు ఊళ్ళో వీడొక్కడే. దామోదర్ రావు కుర్చీ తెప్పించి, తాను కూర్చోబోయాడు.

"మీరు గాదు సార్. మీరు పనికొస్తరు, గడ్డి సంగతేం తెలువదు గావట్టి. గని మా కంపెనీల ఖాళీ ఒక్కటే ఉండె. మా మామతోని నిండింది."

ఐలయ్య ప్రభాకర్ పాలిష్ బూట్లు వేసుకుని వచ్చాడు. ఒక నంబరు పెద్దవి. కుర్చీని ఒకసారి చేత్తో తడిమి, అంచున కూర్చున్నాడు. తర్వాత వెనక్కి ఆనుకున్నాడు. తర్వాత కాలు మీద కాలు వేశాడు.

ప్రభాకర్ ఒక్క గుంజుతో మిషన్ అంటించాడు. ఒక వరుస పోయి, తిరిగి, ఇంకో వరుస అందుకున్నాడు. గీత గీసినట్టు వస్తోంది. మూడో వరుస సగంలో, డాక్టర్ మాట గుర్తొచ్చి, దామోదర్ రావు చెప్పులు విప్పి చేత పట్టుకుని గడ్డి మీదికి దిగాడు.

"దొరా!" అని కుర్చీలోంచి కేక వినబడింది. ప్రభాకర్ కడ్డీ వదిలాడు. మిషన్ ఆగింది. "మిషన్ ముందట్నించి జరుగుండ్రి! వట్టి కాళ్ళతోని గడ్డి మీదికి రావద్దు. రూల్. యల్లా, యల్లా!"

దామోదర్ రావు పచ్చిక దాటి బయటికి జరిగి, చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.