వంటింటి విమానానికి మంటలు

ఆ ఉదయం పెట్టుకున్న ప్లాన్ చాలా చిన్నది. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా పిట్ట వేసుకోవాలి, ఇంట్లో ఒకసారి విమానం నడపాలి, ఇంత తినాలి, టాక్సీ ఎక్కి ఎయిర్‌ఫీల్డ్‌కి వెళ్ళి అసలు విమానం నడపాలి. ఇందులో తేడా రావడానికి చోటే లేదని ఇంటిల్లిపాదీ అనుకున్నారు.

పిట్ట అంటే ఆ ఇంటి అమ్మాయి. చిన్నప్పుడు తిండి దగ్గర పేచీలు పెట్టి పిట్టంత తినేది కాబట్టి నాయనమ్మ పెట్టిన పేరది. పైలట్ అవుతానన్నాక ఇక మార్చే అవసరం రాలేదు. లైసెన్సుకి కావలసినవన్నీ ఒక్కటొక్కటే దాటుకుంటూ వచ్చింది. డాక్టర్లు ఆమె కళ్ళు, చెవులు, గుండె తిరగేసి మరగేసి చూశారు. వాతావరణం మీద, దారి కనుక్కోవడం మీద, ఆకాశంలో పాటించే నియమాల మీద పరీక్షలు రాసింది. రేడియోలో మాట్లాడే పరీక్ష ఇచ్చింది. పగలు, రాత్రి, ఒంటరిగా, దూరాలకు, ఎగరమన్న గంటలన్నీ ఎగిరింది. ఇక మిగిలింది ఎగ్జామినర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎగిరి చూపించే ఆఖరి పరీక్ష. అది ఇవాళే. రాసిన పరీక్షల గడువు ఈ నెలాఖరుతో సరి. ఎగ్జామినర్ ఈ ఊరు మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. ఇవాళ ఎగరకపోతే ఆ పరీక్షలన్నీ మళ్ళీ మొదటినుంచి రాయాల్సిందే.

ఇంట్లో విమానం సంగతి కూడా చెప్పుకోవాలి. కుర్చీలో కూర్చుని, విమానంలో ఉన్నట్టే ఊహించుకుంటూ సాధన చేయమని శిక్షణ ఇచ్చే మేడమ్ చెప్పింది. ఒక్కదానివే చేసుకోమని కూడా చెప్పే ఉంటుంది గానీ, ఈ ఇంట్లో ఎవరూ ఏదీ ఒక్కరే చెయ్యరు. డైనింగ్ టేబుల్ కాక్‌పిట్ అయింది. డబ్బాలో నిలబెట్టిన గరిటె, ఇంజిన్ జోరు పెంచి తగ్గించే థ్రాటిల్ అయింది. నాన్న ఎగ్జామినర్, సోఫాలో కూర్చున్న నాయనమ్మ కంట్రోల్ టవర్. అమ్మ వంటింట్లో మిక్సీ తిప్పితే అదే ఇంజిన్ చప్పుడు. పాలు పొంగినా సరే, విమానం దిగేదాకా ఎవరూ తమ చోటు వదలకూడదన్నది ఆ ఇంటి కట్టుబాటు.

"టవర్, టేకాఫ్‌కి రెడీ," అంది పిట్ట.

"గాలి నెమ్మదిగానే ఉంది. క్షేమంగా వెళ్ళిరా తల్లీ," అంది నాయనమ్మ.

"టవర్ తల్లీ అనదు నాయనమ్మా!"

"ఈ టవర్ అంటుంది."

మిక్సీ మోగింది, విమానం లేచింది. కాస్త పైకి వెళ్ళాక నాన్న గొంతు సవరించుకుని, "ఇంజిన్లో మంటలు!" అన్నాడు. సరిగ్గా అప్పుడే పొయ్యి మీద పెనంలో రొట్టె ముక్కలు మాడడం మొదలుపెట్టాయి. అమ్మ పెనం వైపు చూసింది, మిక్సీ మీదున్న తన చెయ్యి వైపు చూసింది. కూతురు గాల్లో ఉండగా ఏ తల్లి మాత్రం ఇంజిన్ వదులుతుంది? రొట్టెల్ని వాటి ఖర్మానికి వదిలేసింది.

"మేడే! మేడే! మేడే!" ఆపదలో పైలట్లు పెట్టే ఆ కేకతో పిట్ట గొంతు కిటికీలోంచి వీధిలోకి ఖంగుమంది. "ఇంజిన్లో మంటలు! లోపల ఇద్దరం ఉన్నాం! కిందికి దిగుతున్నాం!"

కింది వాటాలో ఉండే రిటైర్డ్ మాస్టారు మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు. తలెత్తి చూస్తే పై కిటికీలోంచి పొగ.

"భయపడకమ్మా! నేనున్నాను!" అని అరిచారు.

ప్రమాదంలో ఉన్న విమానం మాట్లాడుతుంటే మిగతావాళ్ళంతా నోరు మూసుకోవాలని నాయనమ్మకు పిట్టే నేర్పింది. నాయనమ్మ కిటికీ వైపు తిరిగి గట్టిగా కసిరింది. "మధ్యలో ఎవరూ మాట్లాడకండి! ముందు మా పిల్లను మాట్లాడనివ్వండి!"

మాస్టారు మెట్లెక్కి వచ్చి బెల్లు కొట్టారు. ఎవరూ లేవలేదు. తలుపు బాదారు. అయినా లేవలేదు. పాపం, పొగకు స్పృహ తప్పారని ఆయన నిర్ణయించుకుని ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేశారు. మంటలున్నచోట కరెంటు ఉండకూడదని గుర్తొచ్చి, పరుగున కిందికి దిగి ఇంటి కరెంటు మెయిన్ స్విచ్ ఆపేశారు.

మిక్సీ టక్కున ఆగిపోయింది.

"ఇంజిన్ ఆపమని నేను చెప్పలేదే?" అన్నాడు నాన్న.

"నేను ఆపలేదండీ, అదే ఆగింది!" అంది అమ్మ.

పిట్ట ఏమాత్రం తొణకలేదు. "ఇంజిన్ పోయింది. దిగడానికి పొలం చూసుకుంటున్నా," అంటూ గరిటె వెనక్కి లాగింది. ఇంతలో వీధిలో సైరన్ మోగింది. ఇదంతా కొడుకు చేసిన ఏర్పాటనుకుని నాయనమ్మ అతన్ని మెచ్చుకోలుగా చూసింది. కొడుకేమో మేడమ్ చేసిన ఏర్పాటనుకున్నాడు. ఆ మరుక్షణం కిటికీలోంచి నీళ్ళు బుస్సుమని దూసుకొచ్చి రొట్టెల్ని, మిక్సీని, టేబుల్ని, టేబుల్ దగ్గరున్న పైలట్ని కలిపి ముంచెత్తాయి.

"ఏమే, పొలమన్నావు, నీళ్ళలో దింపావా?" అని అడిగింది టవర్.

సంగతి అందరికీ అర్థమయ్యేసరికి ఇంట్లో చీలమండల దాకా నీళ్ళు. వీధిలో ఫైరింజన్ అడ్డంగా ఉండడం చూసి టాక్సీవాడు అటునుంచి అటే వెళ్ళిపోయాడు. పిట్ట మెట్ల మీద కూలబడింది. చొక్కాలోంచి నీళ్ళు కారుతున్నాయి, కళ్ళలోంచి కూడా.

"ఇంకేముంది నాన్నా, పరీక్ష పోయినట్టే," అంది.

మాస్టారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "నా మూలంగానేనమ్మా ఇదంతా," అని గొణిగారు.

ఫైర్ ఆఫీసరు మీసం తుడుచుకున్నాడు. "మేమే తడిపాం, మేమే దింపుతాం. ఎక్కమ్మా," అన్నాడు. టవర్ లేకుండా పిల్లనెలా పంపుతానని నాయనమ్మ కూడా ఎక్కింది. ఏదో ఒక సాయం చెయ్యకపోతే ప్రాణం ఒప్పక మాస్టారు కూడా బయల్దేరారు. వెళ్తూ వెళ్తూ, కనీసం ఇదొక్కటైనా సరిగ్గా చేద్దామని, మెయిన్ మళ్ళీ వేసి మరీ వెళ్ళారు. ఇల్లు తుడవడానికి అమ్మా నాన్నా మిగిలారు.

ఫైరింజన్ని చూడగానే ఎయిర్‌ఫీల్డ్ గేటు కాపలాదారు ఏ కార్డూ అడక్కుండా గేటెత్తి, ఎందుకైనా మంచిదని తానూ సైరన్ నొక్కాడు. ఆఫీసులోంచి, షెడ్లలోంచి జనం ఉరుకులు పరుగులతో బయటికొచ్చారు. వాళ్ళలో చేతిలో టీ కప్పుతో ఎగ్జామినర్ కూడా ఉన్నాడు. తడిసి ముద్దయిన పిట్ట బండి దిగి, ఇక తన పైలట్ ఆశలు ఇక్కడితో సరి అనుకుంటూ ఆయన ముందు నిలబడింది.

"సారీ సర్. ఇంట్లో చిన్న..."

"సారీ ఎందుకమ్మా?" అన్నాడు ఎగ్జామినర్. "మా ఫైరింజన్ పంపు తెల్లవారుజామున పాడైంది. ఫైరింజన్ సిద్ధంగా లేనిదే ఇక్కడ ఏ విమానమూ లేవకూడదు. మీ మేడమ్ ఊరంతా ఫోన్లు చేసి అలిసిపోయింది. పరీక్ష రద్దు చేసి నేను వెళ్ళిపోబోతున్నాను. నువ్వు ఏకంగా బండినే తెచ్చావు!"

ఫైర్ ఆఫీసరు తన స్టేషన్‌తో మాట్లాడి, పరీక్ష అయ్యేదాకా ఉంటానని బండిని రన్‌వే పక్కన పెట్టాడు. మేడమ్ ఎక్కడినుంచో పొడి చొక్కా తెచ్చింది. విమానం లేచింది. పైకి వెళ్ళాక ఎగ్జామినర్ థ్రాటిల్ వెనక్కి లాగి, "ఇంజిన్లో మంటలు," అన్నాడు.

"నీళ్ళు ఎవరూ కొట్టరు కదా సర్?" అని అడిగి, పిట్ట చెయ్యాల్సినవన్నీ వరుసగా, నిదానంగా చేసింది. పొద్దున ఒకసారి అన్నీ జరిగిపోయాయి కాబట్టి ఇక భయపడడానికేం మిగల్లేదు.

పాసై దిగిన పిట్టకు బండి చాటున నక్కిన మాస్టారు కనిపించారు. వెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"మీరు ఫోన్ చేయకపోతే నేనివాళ ఎగిరేదాన్నే కాదు మాస్టారూ. మీ మేలు మరిచిపోలేను," అంది.

"నేను చేసిందల్లా కంగారు పడడమే కదమ్మా."

"మా కోసం కంగారు పడ్డారు. అది చాలదా?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఫైర్ ఆఫీసరుకు, మేడమ్‌కు, ఆఖరికి సైరన్ నొక్కిన కాపలాదారుకు కూడా పిట్ట దణ్ణం పెట్టింది. నాయనమ్మను కౌగిలించుకుని, "నా టవర్ నువ్వే," అంది. ఒక్కదాని లైసెన్సుకి ఇంతమంది చేతులు పడ్డాయి మరి.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది, చేతిలో మిక్సీతో. కూతురు పాసైందని విని ఆనందంతో ఏడ్చింది. తరవాత మిక్సీ చూపించింది. మాస్టారు మెయిన్ వేసినప్పుడు దాని స్విచ్ వేసే ఉందట, లోపలంతా నీళ్ళట.

ఆ రోజు నిజంగా కాలిపోయిన ఇంజిన్ అదొక్కటే.