బాపట్లలో సీటు

ఆ శనివారం పొద్దున దేవదానం మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. రేపల్లె నుంచి తెనాలి వెళ్లడం, కారు ముందు సీటు కీచుమనకుండా చేయించడం, భోజనాల వేళకు ఇల్లు చేరడం. ఆ సీట్లో కూర్చునేది ఆయన భార్య సారా. గతుకు తగిలినప్పుడల్లా సీటు తోక తొక్కిన పిల్లిలా అరిచేది. మన రోడ్ల మీద గతుకు తగలనిదెప్పుడు?

తెనాలి మెకానిక్ సీటుని ముందుకీ వెనక్కీ లాగి చూశాడు. "అమ్మగారు కూర్చుంటేనే వస్తందా అండీ?" అన్నాడు.

"అవును" అన్నాడు దేవదానం, వెర్రిబాగులవాడు.

"అయితే బరువండి."

సారా విసురుగా దిగి బస్టాండుకి నడిచింది. మెకానిక్ గ్రీజు పూసి పంపాడు. తెనాలి దాటకముందే, సారా లేకపోయినా, ఖాళీ సీటు మళ్లీ అందుకుంది.

బాపట్లలో దశరథరామయ్య అయితే సీటు మొత్తం విప్పి చూస్తాడని ఎవరో చెప్పారు. దేవదానం కారు ఆయన షెడ్డులో వదిలి బస్సులో తిరిగొచ్చాడు. రేపల్లెలో దిగగానే చర్చిలో పెద్దదిక్కు మాణిక్యమ్మ ఎదురైంది.

"ఏంటి మాస్టారూ, బస్సు దిగారు? కారేది?"

"సీటు కోసం బాపట్లలో ఇచ్చేశానక్కా."

మాణిక్యమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "పని అవుద్దంటారా?"

"మనిషి నమ్మకస్తుడండి. సీటు చేతికొచ్చాకే డబ్బు ఇవ్వమన్నాడు."

"పోన్లెండి, తప్పదు మరి. నేనెవరితోనూ అనను."

దేవదానం కూతురు ఏంజెల్ ఇంజినీరింగ్ కౌన్సెలింగులో బాపట్ల కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టి, గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్న రోజులవి. అలాంటి ఇంటాయన నోట సీటు అన్న మాట వస్తే ఊరు ఏమనుకుంటుంది? ఆ మాత్రం తట్టలేదు ఆ మహానుభావుడికి! పైగా డొనేషన్ సీట్లు పాపమని క్లాసులో గొంతు చించుకునే మనిషి.

సాయంత్రం పాల ప్యాకెట్టుకి వెళ్లిన ఏంజెల్ ఏడుస్తూ తిరిగొచ్చింది. "నాన్నా, నిద్ర మానుకుని చదివింది నేను. నువ్వు సీటు కొన్నావంటున్నారు అందరూ!"

"అది కారు సీటమ్మా!"

"వాళ్లూ అదే అంటున్నారు, కారిచ్చి కొన్న సీటని!"

దేవదానం నెత్తి బాదుకున్నాడు. ఎదురింటికెళ్లి చెప్పాడు, పక్కింటికెళ్లి చెప్పాడు. చెప్పిన కొద్దీ జనం ఇంకా జాలిగా చూశారు.

తీరా ఏంజెల్‌కి బాపట్ల సీటు వచ్చింది, అచ్చంగా తన ర్యాంకు మీదే. తెచ్చిన స్వీటు ఎవరూ ముట్టలేదు. "ర్యాంకుకొచ్చిందని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నమ్మితే చేరతా. లేకపోతే చేరను" అని ఏంజెల్ భీష్మించుకు కూర్చుంది.

ఈలోగా కారు బాగైంది. "నిజాంపట్నం రొయ్యలు తెచ్చారా అండీ ఎప్పుడైనా? ఆ థర్మాకోల్ పెట్టె ముక్క విరిగి సీటు కింద ఇరుక్కుంది. కాలవలో పారేశా" అన్నాడు దశరథరామయ్య. "బరువంట, బరువు!" అంది సారా, కసిగా.

ఆదివారం ముగ్గురూ కారులో చర్చికి వెళ్లారు. గేటు దగ్గర మాణిక్యమ్మ కారుని చూసి పరుగున వచ్చింది.

"అయ్యో, కారు తిరిగిచ్చేశారా? సీటు పోయిందా తల్లీ?"

"పోలేదు పెద్దమ్మా, వచ్చింది" అంది ఏంజెల్.

"మరి కారెలా వచ్చింది?"

దేవదానానికి ఏడుపొక్కటే తక్కువ. "ఓ అక్కా, మీకు దండం పెడతా! నేనిచ్చింది ఈ సీటు బాగుచెయ్యడానికి. కూర్చుంటే చాలు, కీచుమంటది. నమ్మకపోతే మీరే కూర్చోండి!"

సారా దిగింది. మాణిక్యమ్మ ఎక్కి కూర్చుంది. చుట్టూ మూగిన వాళ్లు చెవులు రిక్కించారు.

"ఊగండక్కా. గట్టిగా ఊగండి!"

మాణిక్యమ్మ శక్తికొద్దీ ఊగింది. గేటు మీది కాకి ఎగిరిపోయింది గానీ సీటు కిమ్మనలేదు.

"ఇంత మంచి సీటుకి రిపేరేంటి మాస్టారూ?" అంది ఆమె మెల్లగా.

ఏంజెల్ వెనక తలుపు లాగి వేసుకుంది. "ఇంటికి పోదాం నాన్నా."

దశరథరామయ్య పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు.