ఆరాధన పథకం లబ్ధిదారులు

గౌరవనీయ ఆరాధన ఫలితాల శాఖామంత్రి డన్‌స్టన్ మకుంగ్వా గారు జిల్లా కేంద్రంలో పాస్టర్లందరినీ కూర్చోబెట్టి ఒక చారిత్రక ప్రశ్న వేశారు.

"నూట యాభై ఏళ్లుగా ఈ దేశంలో ఆదివారం ఆదివారం ఆరాధన జరుగుతోంది. దీనివల్ల ఎవరికి మేలు జరుగుతోందో చెప్పే కాగితం ఒక్కటైనా ఉందా?"

లేదు. సభలో ఉన్న రెండొందల పద్నాలుగు మంది పాస్టర్లూ తలలు దించుకున్నారు. ఇంత పెద్ద లోపం ఇంతకాలం ఎవరి కంటా పడలేదంటే విచిత్రమే. శాఖ పుట్టి మూడు నెలలు కాకుండానే మంత్రిగారి కంట పడిందంటే, అది మలావీ ప్రజలు చేసుకున్న పుణ్యమనుకోవాలి.

వచ్చే శుక్రవారం లోగా ప్రతి చర్చీ తన ఆరాధన లబ్ధిదారుల జాబితా ఇవ్వాలన్నారు మంత్రిగారు. ఇవ్వని చర్చికి ఆదివారం నుంచి తాళం. తాళాలు అప్పటికే లారీలో వచ్చేశాయి. ఫారాలు మాత్రం ఇంకా అచ్చు కావాలి.

సరస్సు ఒడ్డున ఉన్న నమలాకా చర్చికి గుమాస్తా లైటన్ కచింగ్వే. రిటైరైన బడిపంతులు. పందొమ్మిదేళ్లుగా చర్చి కాగితాలన్నీ ఆయన చేతి మీదుగానే నడుస్తున్నాయి. ఫారం కనిపిస్తే చాలు, ఆయన చేతికి దురద పుడుతుంది. అలాంటి మనిషికి ఈసారి ఫారం చూడగానే చెమట పట్టింది.

ఎందుకంటే ఆ ఆదివారమే ఆయన భార్య ఎనిఫాకి మహిళా సంఘం వాళ్లు సభ్యత్వానికి గుర్తుగా తెల్ల తలగుడ్డ కట్టబోతున్నారు. అది ఊరికే కట్టేది కాదు. మూడేళ్లు తరగతులకి పోవాలి. మొదటిసారి బావి దగ్గర గొడవ పడిందని ఎనిఫాని ఆపేశారు. రెండోసారి సరిగ్గా ఆ రోజే ఊళ్లో చావొచ్చింది. ఇది మూడోసారి. గంజిపెట్టిన తెల్ల జాకెట్టు వారం నుంచీ గోడకి వేలాడుతోంది. దాని పక్కనుంచి నడవాలన్నా ఇంట్లో అనుమతి తీసుకోవాలి.

"ఏమయ్యా, నిజంగా తాళమేస్తారా?" అంది ఎనిఫా పొయ్యి దగ్గర్నుంచి.

"ఫారం నింపితే వెయ్యరు."

"నింపడానికేం రోగం? పందొమ్మిదేళ్లుగా నువ్వు చేస్తున్నది అదేగా."

"లబ్ధిదారుడి పేరు రాయాలే."

"అంటే?"

"మనం ఎవరి కోసం ఆరాధన చేస్తున్నామో వాళ్ల పేరు."

ఎనిఫా మొగుణ్ణి ఎగాదిగా చూసింది. "ఇది తెలియకుండానే పందొమ్మిదేళ్లు గుమాస్తాగిరీ చేశావా? దేవుడని రాయి. జరుగు, చేపలు మాడిపోతున్నాయి."

లైటన్ గుండ్రటి అక్షరాలతో అలాగే రాశాడు.

జిల్లా ఆరాధన ఫలితాల అధికారి క్లెమెన్స్ చిలొంబో చాలా నిజాయితీపరుడు. జేబులో మూడు పెన్నులుండేవి. నీలం పెన్ను అర్హులకి, ఎర్ర పెన్ను అనర్హులకి. మూడోది పై అధికారులు అడిగితే ఇవ్వడానికి. మర్నాడు లైటన్‌నీ, వెంట వచ్చిన పాస్టర్ న్యొండోనీ కూర్చోమని చెప్పి ఆయన ఫారం తీసుకున్నాడు.

"లబ్ధిదారుడు ఒక్కడేనా?"

"ఒక్కడేనండి," అన్నాడు పాస్టర్. "ఆ విషయంలో మా నమ్మకం చాలా గట్టిది."

"నూట యాభై ఏళ్ల పథకం మొత్తం ఒక్కడే తింటున్నాడన్నమాట. గుర్తింపు కార్డు నంబరు?"

"లేదండి."

"నివాసం?"

"అంతటా ఉంటాడండి."

"స్థిరనివాసం లేదు," అని రాసుకున్నాడు చిలొంబో. "ఆస్తి?"

పాస్టర్ న్యొండోకి ప్రసంగం చెయ్యడం తప్ప మాట్లాడడం రాదు. "భూమీ ఆకాశం ఆయనవేనండి. కనిపించేదీ ఆయనదే, కనిపించనిదీ ఆయనదే."

"ఈ సరస్సు?"

"అదీ ఆయనదే."

చిలొంబో నీలం పెన్ను మూసేశాడు. "పాస్టర్ గారూ, రెండెకరాలు దాటితేనే మా దగ్గర అనర్హుడు. మీరు సరస్సుతో సహా చెబుతున్నారు. పోనీ, ఆయనకి ఈ ఆరాధన అవసరమా? అది లేకపోతే ఇబ్బంది పడతాడా?"

లైటన్ బల్ల కింద పాస్టర్ కాలు తొక్కాడు. ఆలస్యమైపోయింది.

"ఆయనకి లోటేముందండీ! మన ఆరాధన ఉన్నా లేకపోయినా ఆయన దేవుడే."

"అవసరం లేనివాడికి వారం వారం ఇస్తున్నారు," అన్నాడు చిలొంబో బాధగా. ఎర్ర పెన్ను తీసి 'అనర్హుడు' అని రాశాడు. "అప్పీలు చేసుకోవచ్చు. ఆయనే స్వయంగా రావాలి."

"వస్తాడనే మేమూ ఎదురుచూస్తున్నామండి."

"శుక్రవారం లోగా వస్తాడా?"

"ఎప్పుడొస్తాడో చెప్పలేదండి."

"అయితే మనుషుల పేర్లు రాసుకురండి. ఇవిగో కోడ్లు," అని ఒక కాగితం ఇచ్చాడు. సున్నా ఒకటి, మొక్కజొన్నలు. సున్నా రెండు, ఎరువు. సున్నా మూడు, మేక. తొంభై తొమ్మిది, ఇతరములు. ఇతరములు రాయరాదని దాని కిందే ఉంది.

బుధవారం చర్చి ఆవరణలో లబ్ధిదారుల పేర్లు రాసుకుంటారని లైటన్ చాటింపు వేయించాడు. లబ్ధిదారులు అన్న మాట విన్నాక సరస్సు ఒడ్డున ఇంట్లో కూర్చునే మనిషి ఉంటాడా? వానలు దగ్గర పడుతున్నాయి. ఎరువుల కూపన్లు వచ్చాయని ఊరంతా అనుకుంది. చర్చికి ఏనాడూ రాని మనుషులు ఖాళీ సంచులు చంకలో పెట్టుకుని వచ్చారు. పక్క రేవులోని మసీదు నుంచి ముసలి జాలరి సైదీ ఇద్దరు కొడుకులతో వచ్చి వరసలో నిలబడ్డాడు.

"బాబాయ్, ఇది చర్చి జాబితా," అన్నాడు లైటన్.

"ఎరువుకి మతమేంట్రా అబ్బాయ్? రాసుకో."

"ఎరువు కాదు బాబాయ్. ఆరాధన వల్ల నీకేం లాభమో చెప్పాలి."

సైదీ సరస్సు వైపు చెయ్యి చూపాడు. "ఆదివారం పొద్దున మీరంతా లోపలుంటారు. వలలు వేసుకోవడానికి సరస్సు ఖాళీగా ఉంటుంది. ఇంతకన్నా లాభమేముంది?"

ఆ రోజు అడిగినవాళ్లలో సూటిగా జవాబు చెప్పింది ఆయనొక్కడే. లైటన్ రాసుకున్నాడు.

కూపన్లు లేవని తెలిశాక సంచులవాళ్లు వెళ్లిపోయారు. చర్చివాళ్లు మాత్రం మిగిలారు. కంసాలి గ్రేషమ్ వచ్చి, పాస్టర్ గారి ప్రసంగంలో తప్ప తనకి నిద్ర పట్టదన్నాడు. గాయక బృందంలో పాడే కుర్రాడొకడు తన లాభం పేరు చెప్పడానికి సిగ్గుపడ్డాడు. ఆ పిల్ల వెనకాలే నిలబడి ఉంది. ఎవరు బక్కచిక్కారో, ఎవరు కొత్త గుడ్డలు కట్టారో తెలుస్తుందంది మరొకామె. ఆఖర్న ముసలి నసిబెకో కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"నీకేం లాభం, నాయనమ్మా?"

"మోకాళ్ల నొప్పులు. ఎక్కువసేపు వంగి ఉంటాను కదా."

"నొప్పి లాభం కాదే. మేలు చెప్పు."

"ఆ రెండు గంటలూ నన్నెవరూ నీళ్లు తెమ్మనర్రా," అంది నసిబెకో. "నేనే ఆయన్ని అది ఇయ్యి, ఇది ఇయ్యి అంటాను. కాసేపయ్యాక సిగ్గేసి ఊరుకుంటాను. ఊరికే కూర్చుంటాం, ఇద్దరం."

లైటన్ కోడ్ల కాగితం అటూ ఇటూ తిప్పాడు. మేక కాదు.

శుక్రవారం మధ్యాహ్నానికి చిలొంబో ఆఫీసులో రెండొందల పద్నాలుగు చర్చిల జాబితాలు గుట్టగా పడి ఉన్నాయి. అన్నిట్లోనూ ఇతరములే. ఒక్క అర్హుడు కూడా లేని పథకానికి అధికారి ఎందుకని పైవాళ్లు అడిగితే ఆయన ఉద్యోగానికే ఎసరు. మూడు రోజులుగా నిద్రలేని కళ్లతో ఆయన లైటన్ వైపు చూశాడు.

"పంతులుగారూ, మీరే దారి చూపాలి. మీ చర్చిలో పేరు పెట్టి ఎవరి కోసమైనా ప్రార్థన చేస్తారా?"

"మంత్రిగారి కోసం చేస్తామండి. ప్రతి వారం. శాఖ పుట్టక ముందు, ఆయన మా ఎం.పీ.గా ఉన్నప్పటి నుంచీ చేస్తున్నాం."

చిలొంబో కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఏమని?"

"ఆరోగ్యం, గెలుపు, వివేకం ఇమ్మని."

"ఫలితం?"

"ఆరోగ్యానికేమండీ, బాగా ఒళ్లు చేశారు. మూడుసార్లు గెలిచారు."

"వివేకం?"

"అడుగుతూనే ఉన్నామండి."

మూడింట రెండు. ఆ జిల్లాలో ఏ పథకమూ అంత ఫలితం ఇచ్చిన దాఖలా లేదు. గుర్తింపు కార్డుంది, సంతకముంది, కంటికి కనిపించే లాభముంది. ఆస్తి సంగతి అడిగే ధైర్యం ఎవరికీ లేదు గనక ఆ గడి ఖాళీగా ఉంది. చిలొంబో నీలం పెన్నుతో నమలాకా చర్చి లబ్ధిదారుడిగా గౌరవనీయ డన్‌స్టన్ మకుంగ్వా పేరు రాశాడు. దేశంలో మొదటి లోపంలేని జాబితా అదే. మంత్రిగారు ముచ్చటపడి, ఆదివారం తానే స్వయంగా వస్తానని కబురు పంపారు.

"చూశావా, తాళం లేదు!" అన్నాడు లైటన్ ఇంటికొచ్చి.

"లేకపోతే నీ పీక పిసికేదాన్ని," అంది ఎనిఫా. ఆ రాత్రి అన్నంలోకి రెండు చేపలు ఎక్కువేసింది.

ఆదివారం ఉదయం ఊరంతా ఉతికిన గుడ్డల్లో వచ్చింది. వాళ్ల చర్చిలో తలగుడ్డని భర్త తెచ్చి ఇవ్వాలి. అది మడతపెట్టి కోటు లోపలి జేబులో పెట్టుకుని, నిమిషానికోసారి తడిమి చూసుకుంటున్నాడు లైటన్. మంత్రిగారు మూడు కార్లలో దిగి, చెయ్యూపి, లోపలికెళ్లి ముందు కుర్చీలో కూర్చున్నారు. వెనకే జనం కదిలారు. గుమ్మంలో చిలొంబో జాబితా పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు.

"పేరు?"

"ఎనిఫా కచింగ్వే."

ఆయన జాబితా పైనుంచి కింది దాకా చూశాడు. ఉన్నది ఒక్కటే వరస కాబట్టి ఎక్కువ సేపు పట్టలేదు. "మీరు లబ్ధిదారులు కారమ్మా. లోపలికి అనుమతి లేదు."

"ఇవాళ నాకు తలగుడ్డ కడుతున్నారు బాబూ!"

"అది ఏ కోడు?"

ఎనిఫా మొగుడి వైపు తిరిగింది. ఆ చూపుకి లైటన్ పందొమ్మిదేళ్ల సర్వీసూ ఆవిరైపోయింది. "సార్, ఆ జాబితా రాయించింది నేనే. నేను గుమాస్తాని..." అని ముందుకొచ్చాడు.

"మీరూ అనర్హులే, పంతులుగారూ. బయట నిలబడండి," అన్నాడు చిలొంబో, ఎవరి పట్లా పక్షపాతం లేకుండా. పాస్టర్ న్యొండోని మాత్రం సేవలందించేవాడి కింద లోపలికి పంపాడు. బయటివాళ్లకి దండం పెట్టి ఆయన లోపలికెళ్లక తప్పలేదు.

మూడొందల మంది ఇసకలో నిలబడిపోయారు. ఎనిఫా కళ్లలో నీళ్లు తిరిగాయి. గంజిపెట్టిన జాకెట్టు మెడ దగ్గర నలిగింది.

"ఏడుస్తావేంటే?" అంది నసిబెకో. "మోకాళ్లు ఇక్కడ కూడా వంగుతాయి. కాకపోతే ఇసక కాబట్టి నాకు హాయి."

పాస్టర్ గారి భార్య ముందుకొచ్చి చెయ్యి చాపింది. లైటన్ కోటు జేబులోంచి మడత తీసి ఇచ్చాడు. ఎనిఫా ఇసకలో మోకరించింది. తెల్ల గుడ్డ తల చుట్టూ తిరిగి ముడిపడింది. ఆడవాళ్లందరూ ఒక్కసారిగా పాట ఎత్తుకున్నారు. రేవులో వల లాగుతున్న సైదీ ఆ మోతకి తల తిప్పి చూశాడు.

లైటన్ కిటికీ దగ్గరికి జరిగి లోపలికి చూశాడు. ముందు వరసలో మంత్రిగారు, గుమ్మంలో చిలొంబో, వేదిక మీద పాస్టర్. మధ్యలో నలభై ఖాళీ బల్లలు.

"బయట ఏంటా గోల?" అన్నారు మంత్రిగారు.

"లబ్ధిదారులు కారండి," అన్నాడు చిలొంబో.

"మరెందుకు పాడుతున్నారు?"

చిలొంబో కోడ్ల కాగితం తీసి మొదట్నుంచీ చదవడం మొదలుపెట్టాడు.

పాస్టర్ న్యొండో గొంతు సవరించుకుని, ముప్పై ఏళ్ల అలవాటుతో రెండు చేతులూ చాపాడు. "ప్రియమైన సంఘమా, అందరం లేచి నిలబడదాం."

మంత్రిగారు కుడివైపు చూశారు. ఎడమవైపు చూశారు. వెనక్కి తిరిగి నలభై బల్లలూ చూశారు. తర్వాత కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచారు.

హాజరు నూటికి నూరు, సంఘమంతా ఒక్కసారిగా లేచి నిలబడింది, అని చిలొంబో నీలం పెన్నుతో రాసుకున్నాడు.