నాలుగు పొడవుల స్కర్ట్

మన దగ్గర సర్వేయర్లు చాలరని ఎవరన్నారండీ?

నమ్మకం లేకపోతే ఒక స్కర్ట్ వేసుకుని మానుకోట రైల్వే స్టేషన్ నుంచి బస్టాండు దాకా నడిచి చూడండి. నేను నడిచాను. పాన్‌డబ్బా దగ్గర ఒకాయన మోకాలి కింద జానెడు అన్నాడు. సోడా బండి దగ్గర ఇంకొకాయన జానెడెక్కడిది, బెత్తెడే అని సవరించాడు. ఇల్లు చేరేసరికి మా పిన్ని కౌసల్య వాళ్ల పక్కింటి నిర్మలక్క గోడ అవతల నుంచి చూసి, జానెడుకు రెండు వేళ్లు తక్కువ అని తేల్చేసింది. లోపలికెళ్లి టేపు పెట్టి చూసుకున్నాను. ఏడున్నర అంగుళాలు. నిర్మలక్క లెక్క వెంట్రుకవాసి తప్పలేదు!

టేపు లేదు, గొలుసు లేదు, మూడు కాళ్ల స్టాండు లేదు. చేటలో బియ్యం చెరుగుతూ, ఓరకంట చూసి చెప్పింది. పాలిటెక్నిక్‌లో మూడేళ్లు సివిల్ చదివిన నాకు ఆ చూపు లేదు.

అందుకే ఈ ఎనభై నాలుగో సంవత్సరంలో నేను ధైర్యంగా ఒక మాట ప్రకటిస్తున్నాను. ఆడపిల్ల స్కర్ట్ పొడవును ఊరంతా కొలవడం పీడ కాదు, వరం! ఇంతమంది ప్రజలు ఇంత శ్రద్ధగా, ఎవరూ అడగకుండానే కొలుస్తున్న దేశంలో రోడ్లు వంకర పోతాయా? వంతెనలు కుంగుతాయా?

ఇక నా సంగతి. మాది బచ్చన్నపేట. డిప్లొమా అయ్యాక ఒక ఏడాది ట్రైనింగ్ ఇచ్చారు, మానుకోటలో ఒక సెక్షన్ ఆఫీసు కింద. పిన్ని ఇంట్లో ఉంటున్నాను. ట్రైనింగ్‌కు ఒక డైరీ ఉంటుంది. అందులో తొంభై రోజులు సైటు మీద పనిచేసినట్లు సూపర్‌వైజర్ సంతకం కావాలి. లేకపోతే నన్ను ట్రేసింగ్ గదిలో కూర్చోబెడతారు. ట్రేసింగ్ అంటే ఇంకెవరో గీసిన వంతెన మీద పల్చటి కాగితం పరిచి, వాళ్ల గీత మీద గీత గీయడం. రిటైరయ్యేదాకా!

మూడు నెలలు గడిచాయి. నా డైరీలో సైటు రోజులు ఒకటిన్నర.

ఒకటి చీర కట్టుకుపోయిన రోజు. గూడూరు దగ్గర మట్టికట్ట వేసి, కొత్త రోడ్డు కింద కల్వర్టు కడుతున్నారు. కట్ట మీద గాలి. ఒక చేత్తో కుచ్చిళ్లు, ఒక చేత్తో ఫీల్డుబుక్కు. లెవెల్ ఇన్‌స్ట్రుమెంటులో కన్ను పెట్టి దూరంగా నిలబెట్టిన కర్ర మీది అంకెలు చదవబోతే, నాకు పిన్ని చీర మీది నెమళ్లు కనబడ్డాయి. కొంగు అద్దానికి అడ్డం పడింది. మా సూపర్‌వైజర్ సోమనర్సయ్య సారు సాయంత్రం దాకా చూసి, చీరతోటి సైటు నడవదని చెప్పి పంపించారు. న్యాయమే కదా?

మిగతా సగం, స్కర్ట్ వేసుకుపోయిన రోజు. మందిలో ఇట్లా రావొచ్చా అని మధ్యాహ్నానికల్లా సిమెంటు షెడ్డులో కూర్చోబెట్టారు. అదీ న్యాయమే.

పంజాబీ డ్రెస్సు వేసుకోవచ్చు కదా అంటారా? మానుకోటలో దాన్ని కుట్టడం వచ్చిన దర్జీ ఒక్కడే. వాడు కుట్టిచ్చినది నిలబడి చూపించడానికే పనికొస్తుంది, కూర్చుంటే చిరుగుతుంది. ప్యాంటు మాట ఒకసారి ఎత్తాను. పిన్ని రెండు రోజులు నాకు కూరలో ఉప్పు వేయలేదు.

ఇటువంటి సమస్య ఎదురైతే ఇంజనీరింగు చదివిన మనిషి ఏం చేయాలి? డిజైన్ చేయాలి!

అక్కలారా, చెల్లెళ్లారా, కాగితం పెన్సిలు తీసుకోండి. ఒక్క స్కర్ట్‌తో బతుకు వెళ్లదీయడం ఎట్లాగో చెబుతాను.

మొదటిది రంగు. కాలేజీలో అమ్మాయిలు గులాబీలు, చిలకపచ్చలు కొంటారు. మీరు మాత్రం మీ ఊరి మట్టిని చూసి కొనండి. నేను ఎర్రమట్టి రంగు ముతక బట్ట తీసుకున్నాను. వారం రోజులు ఉతక్కపోయినా నిర్మలక్కకు కూడా తెలియలేదు. అది ఆమె శాఖ కాదు, ఆమెది పొడవుల శాఖ.

రెండోది జేబు. జేబు లేని స్కర్ట్ గోనెసంచితో సమానం. అసలు గోనెసంచే నయం, దాంట్లో ఏదైనా వేసుకోవచ్చు.

మూడోది పొడవు. ఇదే అసలు విద్య. లోపలి వైపు మూడు వరసల టిచ్ బటన్లు కుట్టించాను. ఒక వరస పెడితే ఒక మడత. అన్నీ విప్పేసి, కింద పిన్ని పాత పట్టుచీర అంచు తగిలిస్తే నేల ఊడుస్తుంది, అది పెళ్లిళ్లకు. అంచు తీసి ఒక వరస పెడితే చీలమండ దాకా వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లున్నప్పుడు, చావు పలకరింపులకు వెళ్లినప్పుడు అది. రెండో వరస పిక్క కింది దాకా, బస్సు మెట్టు ఎక్కడానికి. మూడో వరస సైటు పొడవు. ఏడున్నర అంగుళాల సంగతి పైన మనవి చేశాను.

ఫలితాలు అద్భుతం! బచ్చన్నపేట పెళ్లిలో దాన్ని పట్టు పరికిణీ అనుకుని ముగ్గురు పెద్దమ్మలు నాకు సంబంధాలు చెప్పారు. వారం తిరక్కుండా అదే స్కర్ట్‌తో జనగామలో ఒక చావింటికి పోతే, పిల్ల ఎంత ఒద్దికగా ఉందో అన్నారు. బస్సులో కండక్టరు మాత్రం, పొద్దున ఎక్కిన పిల్ల వేరు, ఇప్పుడు దిగే పిల్ల వేరు అని పాసు రెండుసార్లు చూశాడు. గూడూరు బస్సు వెనక సీటులో నేను టిచ్ బటన్లు పెట్టుకున్న సంగతి ఆయనకెట్లా తెలుస్తుంది!

ఒక్క చోట నా డిజైన్ ఓడిపోయింది. కట్ట మీది గాలికి.

అప్పుడు దొరికింది నాకు ప్రొఫెసర్. పేరు రుక్కి. కల్వర్టు పక్క తండా ఆమెది. సైటు మీద తట్టలతో కంకర మోసే నలభై మంది ఆడవాళ్లలో ఒకామె. వాళ్లందరూ వేసుకునేది పేటియా, అంటే పది గజాల ఘాగ్రా. తల మీద కంకర, కాలి కింద జారే మట్టి, కట్ట మీద గాలి. అయినా ఆ ఘాగ్రా ఆవగింజంత లేవదు. మా పాలిటెక్నిక్‌లో ఈ చాప్టరు చెప్పలేదు.

ఒకరోజు నేను షెడ్డు గుమ్మంలో స్కర్ట్‌ను రెండు చేతులతో అదిమి పట్టుకుని నిలబడితే, రుక్కి తట్ట దించి, నా అంచును వేళ్ల మధ్య నలిపి చూసింది.

"కింద బరువు లేదు బిడ్డా. గాలికేం ఎరుక, నువ్వు సదువుకున్నదానివని?"

మర్నాడు తన పాత పేటియా అంచు కోసి తెచ్చింది. నాలుగు వేళ్ల వెడల్పు, రెండు మడతల బట్ట, చీమ దూరనంత దగ్గర దగ్గర కుట్లు. అన్నం తినే వేళ కూర్చుని నా స్కర్ట్‌కు తగిలించింది.

"ఇగ గాలి నిన్ను అడిగి లేస్తది" అని పళ్లెం కడుక్కుని వెళ్లిపోయింది.

ఇంకేం కావాలి? రంగు కుదిరింది, జేబు కుదిరింది, బరువు కుదిరింది. మడతలు రెండు విప్పి చీలమండల దాకా దించి, సోమనర్సయ్య సారు ముందుకు పోయి నిలబడ్డాను. ఆయన కట్టకు ఇవతల గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటారు. మంచి మనిషి. తన టిఫిన్‌లోంచి నాకు మామిడికాయ ముక్క పెట్టకుండా ఏ రోజూ తినలేదు. అదే చిక్కు. చెడ్డవాడైతే కొట్లాడవచ్చు.

లెవెల్స్ తీస్తానని అడిగాను. ఆయన స్కర్ట్ వైపు చూసి నొచ్చుకున్నారు.

"పొడుగు మాట కాదమ్మా. లంగ తీరు ఏసుకొని గింతమంది ముంగట నిలబడితె ఏం బాగుంటది, చెప్పు."

"సార్, గా నలభై మంది గూడ ఆడోళ్లే. వాళ్లు ఏసుకున్నది గూడ గిదే తీరు."

సారు వెనక్కి తిరిగి చూశారు. ఆ నలభై మంది ఆ నిమిషమే అక్కడికి దిగినట్లు ఆశ్చర్యపోయారు.

"వాళ్లు పనికొచ్చినోళ్లమ్మా."

తర్వాత గొంతు తగ్గించి, బుజ్జగిస్తున్నట్లు చెప్పారు. "నీ పరేషాన్ డైరీ గురించే గద? తొంభై రోజులకు నేను సంతకం పెడ్త. నువ్వు షెడ్డుల సల్లగ కూసో. ఎండల నీకెందుకు?"

చూశారా, వరం మీద వరం! పని చేస్తానంటే కుదరదు. చేయకపోతే సర్టిఫికెట్ సిద్ధం. నిజం చెబుతున్నాను, ఆ రోజు సాయంత్రం దాకా ఆ మాట నా నాలుక మీద బెల్లంలాగే ఉంది. బచ్చన్నపేటలో మా బాపుకు డైరీ చూపిస్తే ఊరంతా చెప్పుకుంటాడు. కానీ రేపు ఎక్కడో నన్ను పిలిచి, విమలా, ఈ వంతెన నీది అని అప్పగిస్తే? షెడ్డులో సిమెంటు బస్తాలు లెక్కపెట్టిన అనుభవంతో కట్టమంటారా?

మర్నాడు పొద్దున షెడ్డులో లెవెల్ పెట్టెను ఒక తట్టలో పెట్టాను. మీద గోనెపట్టా కప్పాను. రుక్కి నా తల మీద చుట్టబట్ట పెట్టి తట్ట ఎత్తింది. మడత మళ్లీ మూడో వరసకు పెట్టుకున్నాను, కట్ట ఎక్కాలి కదా. ముందు రుక్కి, వెనక ఇద్దరు, మధ్యలో నేను. సారు కుర్చీకి నాలుగు బారల దూరం నుంచి నడిచాం.

సారు తలెత్తి చూశారు. నేరుగా మా వైపే.

"జల్ది నడువుండ్రి" అని, మళ్లీ రిజిస్టరులోకి తల దించుకున్నారు.

పాఠకులారా! ఆ స్కర్ట్ అంతకంటే పొట్టిగా ఏనాడూ లేదు. అంతకంటే మర్యాదగా ఏనాడూ కనబడలేదు.

కట్టకు అవతలి వైపు సారుకు కనబడదు. అక్కడ మా చైన్‌మన్ రవీందరన్న, కొలతలకు గొలుసూ కర్రా పట్టే మనిషి, నేను ముందే చెప్పి ఉంచినట్లు స్టాండు పాతి, అంకెల కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి కట్ట వైపు ఒకసారి చూశాడు గానీ, కర్ర మాత్రం నిలువునా పట్టాడు. అట్లా పదకొండు రోజులు. పొద్దున తట్ట ఎత్తుకుని పోవడం, సాయంత్రం తట్ట ఎత్తుకుని రావడం. మధ్యలో బెంచ్‌మార్కు నుంచి, అంటే ఎత్తు ముందే తెలిసిన రాయి నుంచి, కల్వర్టు దాకా లెవెల్స్ తీసి, మళ్లీ వెనక్కి తీసి సరిచూసుకోవడం. మీకు చెబితే గొప్పలనుకుంటారు, చివరికి తేడా మూడు మిల్లీమీటర్లు.

పదకొండో రోజు ఇంకో తేడా దొరికింది. కల్వర్టు అడుగు ఎంత ఎత్తులో ఉండాలో చెప్పే గుర్తు నాలుగు అంగుళాలు పైకి కొట్టి ఉంది. దాని ప్రకారమే రాయి పరిచేశారు. ఎల్లుండి కాంక్రీటు. అది పోస్తే వానాకాలం నీళ్లు కిందికి పారవు. వెనక్కి తన్ని తండా వాళ్ల మక్క చేన్లలో నిలుస్తాయి. రుక్కి చేను అన్నిటికంటే పల్లం.

స్టేషన్ నుంచి బస్టాండు దాకా ఉన్న మన సర్వేయర్లలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఆ నాలుగు అంగుళాలు చూడలేదు! వాళ్ల తప్పు కాదు లెండి. కల్వర్టు స్కర్ట్ వేసుకోదు.

చెబితే నా తట్ట సంగతి బయటపడుతుంది. తొంభై రోజుల సంతకం పోవచ్చు, ట్రైనింగే పోవచ్చు. చెప్పకపోతే చేను పోతుంది. డైరీ తీసుకెళ్లి సారు ముందు తెరిచి పెట్టాను.

ఆయన పేజీలు తిప్పి చూశారు. రవీందరన్నను పిలిచి, తనే కట్ట దిగి, ఇన్‌స్ట్రుమెంటులో కన్ను పెట్టి చూశారు. ఆయన లెక్కకు నాలుగుంబావు వచ్చింది. కాంక్రీటు ఆపించి, పరిచిన రాయి తీయించారు. తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుని చాలాసేపు పెన్ను మూత తీయడం, పెట్టడం చేశారు.

"ఎప్పుడు తీసినవమ్మా గివన్ని? నేను రోజూ గీడనే ఉన్న గద."

"నేను గూడ గీడనే ఉన్న సార్. మీ ముంగట్నుంచే పోయిన."

ఆయన కట్ట మీద వరసకట్టి నడుస్తున్న తట్టల వైపు చూశారు. ఈసారి కొంచెం ఎక్కువసేపే చూశారు. తర్వాత పదకొండు రోజులకూ పదకొండు సంతకాలు పెట్టారు.

ఇక ఆఖరు సలహా. స్కర్ట్ మీదికి ఏది నప్పుతుంది, గొలుసా, బెల్టా, భుజానికి బ్యాగా అని అడిగే చెల్లెళ్లకు నా అనుభవం ఒకటే చెబుతుంది. తట్ట పెట్టుకోండి. ఇరవై కిలోల కంకరతో అయితే ఇంకా నిండుగా ఉంటుంది. తట్ట కింద ఏ రంగైనా ఒప్పుతుంది, ఏ పొడవైనా చెల్లుతుంది, ఎవరూ ఒక్క మాట అనరు. నమ్మకపోతే రుక్కిని అడగండి. పదిహేనేళ్ల నుంచి ఆ తట్ట మోస్తోంది, ఇప్పటిదాకా ఆమెను చూసిన మనిషి లేడు.

ఒక్కటే జాగ్రత్త. తట్ట దించి, చేతిలోకి టేపు తీసుకోవద్దు. పన్నెండో రోజు పొద్దున నేను తీసుకున్నాను. అదే స్కర్ట్, అదే వరస, ఒక్క బటను మార్చలేదు. కట్ట ఎక్కుతుంటే గొడుగు కింద నుంచి సారు గొంతు వినబడింది.

"అమ్మా, గది జర పొట్టిగ కాలేదా?"