తిన్నని బాణాల లారీ

బ్రిన్‌గోర్ లారీ డిపోలో భద్రతకు ఏ లోటూ లేదని ప్రజలకు తెలియజేయడమైనది. అక్కడ చక్రాల నట్లన్నిటికీ పసుపుపచ్చ ప్లాస్టిక్ బాణాలు తొడిగి ఉంటాయి. నట్లు బిగువుగా ఉంటే బాణాలు జంటలుగా ముక్కూ ముక్కూ ఆనించుకుని బుద్ధిగా ఉంటాయి. నట్టు వదులైతే బాణం పక్కచూపులు చూస్తుంది. దూరం నుంచే ప్రమాదం కనిపించిపోతుంది. ఈ ఏర్పాటులో మేనేజర్ ఆల్విన్ ప్రాసర్‌కు నచ్చనిది అదొక్కటే.

ఆ ఉదయం డైరెక్టర్ క్రాస్‌బీ గారు 'చక్కని డిపో' కప్పు ఇవ్వాలో వద్దో తేల్చడానికి వస్తున్నారు. కప్పు రాకపోతే డిపో మూసేస్తారని వదంతి. ముస్తాబు చేసి గేటు దగ్గర నిలబెట్టిన లారీకేమో, ఎడమ వెనక చక్రం మీద బాణాలు తలో దిక్కూ చూస్తున్నాయి.

"నట్లు వదులయ్యాయి ప్రాసర్ గారూ, మెకానిక్‌ని పిలవండి," అంది డ్రైవర్ గ్లెనిస్.

"టీ తాగుతున్నాడమ్మా."

టీ తాగుతున్న మనిషిని కదిలించడం ఆ దేశంలో మర్యాద కాదు. అందుచేత ప్రాసర్ తానే వంగి, బాణాలు ఊడదీసి, తిన్నగా తొడిగాడు. నట్ల జోలికి పోలేదు. పని ఇంత సులువుగా ముగిసినందుకు ఆయనకే ముచ్చటేసింది.

"జ్వరమొస్తే థర్మామీటరు దులిపినట్టుంది మీ వైద్యం," అంది గ్లెనిస్.

డైరెక్టర్ గారు బాణాలు చూసి పరవశించారు. "క్రమశిక్షణ అంటే ఇదీ! ఈ బాణాల్లో నాకు మన సంస్థ భవిష్యత్తు కనిపిస్తోంది! ఈ లారీని ఊళ్ళో ఓసారి తిప్పండి, ప్రజలూ చూసి తరిస్తారు!"

"నేను తిప్పను. నట్లు వదులు," అంది గ్లెనిస్ ముఖం మీదే.

ఆయన వంగి చూశారు. "వదులేమిటమ్మా, ఇంత తిన్నగా ఉంటే? ప్రాసర్, నువ్వూ ఒకప్పుడు డ్రైవరువేగా? ఎక్కు."

ఒక్క ముక్క నిజం చెబితే ప్రాసర్ బతికిపోయేవాడు. నోట్లోంచి మాత్రం "తప్పకుండా సార్" అని వచ్చింది.

"చస్తావయ్యా, చెప్పెయ్!" అంది గ్లెనిస్ గొంతు తగ్గించి.

"ఇంతమంది ముందు బావుండదమ్మా," అని ఆయన లారీ ఎక్కాడు.

మార్కెట్ వీధి దిగుడులో లారీ వణికింది. మరుక్షణం ఎడమ వెనక చక్రం ఊడి, ప్రాసర్‌నే దాటుకుని ముందుకు పోయింది. బస్సు కోసం వరసలో నిలబడ్డవాళ్ళు పక్కకు తప్పుకుని దానికి దారి ఇచ్చి, మళ్ళీ ఎవరి చోట్లో వాళ్ళు నిలబడ్డారు. చక్రం మునిసిపాలిటీ వారి పూలమళ్ళను దున్నేసి ఆగింది. లారీ దీపస్తంభానికి కొట్టుకుంది. ప్రాసర్ పక్కటెముకలు విరిగాయి.

మిగిలిన చక్రాల బాణాలు చెక్కుచెదరలేదని డైరెక్టర్ గారు స్వయంగా తనిఖీ చేసి, కప్పును ఆసుపత్రికే తెచ్చి ఇచ్చారు.

వారం రోజులు పత్రికలో పాఠకుల ఆగ్రహం పొంగిపొర్లింది. అంతా పూలమొక్కల గురించే. ఒక్కరైనా నట్ల సంగతి అడిగితే నిజం చెప్పేద్దామని ప్రాసర్ మంచం మీద నిజంగానే ఎదురుచూశాడు. ఎవరూ అడగలేదు. ఊరంతా చందాలు వేసుకుని పూలమొక్కలు మళ్ళీ నాటించింది. ఈసారి చక్రాలకు అడ్డం రాకుండా, దారికి కాస్త ఎడంగా.