తొమ్మిదో నంబరు ట్యాంకు దగ్గింది

సోమవారం పొద్దున్న, పెట్రోలు డిపో గోడ పక్క ఇంట్లో ఉండే సన్యాసిని తొమ్మిదో నంబరు ట్యాంకుగా నమోదు చేశారు.

కారణం సాంకేతికమైనది. ఒక ట్యాంకులోంచి ఇంకో ట్యాంకులోకి పెట్రోలు తోడితే, ఖాళీ ట్యాంకులో అప్పటిదాకా ఉన్న ఆవిరి బయటికి రాక తప్పదు. దాన్ని గాలిలోకి వదలకూడదని నిబంధన. వెనక్కి మళ్లించే గొట్టానికి మంజూరు రాలేదు. అయితే ఆ ఆవిరి గోడ దాటి నేరుగా సన్యాసి ఊపిరితిత్తుల్లోకి పోతోందని డిపో మేనేజరు ఉదయభాస్కర్ కనిపెట్టాడు. అంటే గాలిలో కలవడం లేదు. నిల్వ అవుతోంది.

పెయింటరు వచ్చి సన్యాసి ఛాతీ మీద తెల్లరంగుతో అంకె వేశాడు. భార్య పైడమ్మ ఒక్కటే అడిగింది.

"ట్యాంకు పాడైపోతే ఎవులు బాగుసేత్తారు బాబూ?"

"డిపోయే. అదీ ఆ రోజే," అన్నాడు మేనేజరు గర్వంగా.

పైడమ్మ సరేనంది. సన్యాసి ఆర్నెల్లుగా దగ్గుతున్నాడు. పెద్దాసుపత్రి వాళ్లు దసరా వెళ్లాక రమ్మన్నారు. అన్నాళ్లు ఆగే మనిషిలా లేడు.

తనిఖీకి ఇన్‌స్పెక్టరు కాత్యాయని వచ్చింది. "ఆవిడ వెళ్లేలోగా దగ్గావో, డిపో మూతే," అని మేనేజరు సన్యాసి చెవిలో చెప్పాడు. సన్యాసి ఊపిరి బిగబట్టాడు. ఆమె మూత తెరవమంటే నోరు తెరిచాడు. ఆమె చేతిలో ఆవిరి లీకు కొలిచే మీటరు ముల్లు కదల్లేదు. ఆమె సంతకానికి కలం తీసింది.

"దగ్గు మావా!" పైడమ్మ కేకేసింది. "నీకేటి సిగ్గు? దగ్గెయ్!"

సన్యాసి దగ్గాడు. డిపో సైరన్ మోగింది.

"మామూలు దగ్గేనండీ," అన్నాడు మేనేజరు.

"మనిసైతే దగ్గు. ట్యాంకైతే లీకు. మీరు రాసిందే కదేటి?" అంది పైడమ్మ.

కాత్యాయని ఒప్పుకుంది. పొద్దుగూకేలోగా లీకు ఆగకపోతే డిపోకు తాళమంది. అరగంటలో ఇద్దరు ఊపిరితిత్తుల డాక్టర్లు కంపెనీ కారు దిగారు. వెనకే ఎక్స్‌రే వ్యాను. ట్యాంకు వేడెక్కకూడదని ఇంటి రేకుల మీద ఫైరింజను నీళ్లు కొట్టింది. సాయంత్రానికి సన్యాసి గుండెల నిండా ఊపిరి పీల్చాడు. పేట జనం డప్పులు కొట్టి పైడమ్మను భుజాలకెత్తుకున్నారు.

మర్నాడు డిపో గేటు ముందు పెద్ద క్యూ.

"మనిసిగా ఉండి ఏటి బాగుపడ్డాను? నాకూ ఓ నంబరెయ్ నాయనా," అంది ముసలి గౌరమ్మ, జాకెట్టు మీద కొంగు సర్దుకుంటూ.

మేనేజరు ఎవరినీ కాదనలేదు. డిపో సామర్థ్యం రెండింతలైంది.

శనివారం సన్యాసికి బాగుందన్న ధ్రువపత్రం అందింది. వెంటనే పెట్రోలు తోడే పంపులు మళ్లీ ఆన్ చేశారు. గోడ పక్కన పేటంతా వరుసల్లో నిలబడి నోళ్లు తెరిచింది. ముందు వరుసలో సన్యాసి, అతని పక్కన పదో నంబరు పైడమ్మ. రవ్వంత ఆవిరి కూడా గాలిలో కలవలేదు.