గోరంత దేశానికి వంతెన

సరిహద్దు వెనకబాటుకు కారణం నిధుల్లేకపోవడం కాదనీ, అధికారుల్లో యుద్ధవ్యూహం లేకపోవడమనీ సరిహద్దు వికాస మండలి చైర్మన్ మోహన్‌కృష్ణ గారు ఒడిశాలోని రాయగడలో ప్రకటించారు. ఈ మాట అంతకుముందు ఎవరికీ తట్టలేదు. అందుకే ఆయన చైర్మనయ్యారు, మిగతావాళ్ళు కాలేకపోయారు.

ఇకమీదట ప్రతి శనివారం ఆఫీసర్లంతా కాన్ఫరెన్స్ హాల్లో కంప్యూటర్ల ముందు కూర్చుని యుద్ధపు ఆట ఆడాలి. రెండు వందల ఏళ్ళ కిందటి ఐరోపా పటం మీద రాజ్యాలేలాలి, యుద్ధాలు చెయ్యాలి. ఎంత పెద్ద శాఖకి అంత పెద్ద రాజ్యం. అన్నిటికన్నా పెద్దది చైర్మన్ గారిది, దాని తర్వాతది రోడ్ల శాఖది. ఫైళ్ళ సంగతి యుద్ధం ముగిశాక చూస్తారు.

సరిగ్గా ఆ మొదటి శనివారమే నర్సు దొర్కా ఆరోసారి అర్జీ పట్టుకుని వచ్చింది. ఆమె హెల్త్ సెంటరు బంధుగాం అవతల, ఆంధ్రా పొలిమేరలో ఉంది. మధ్యలో గెడ్డ, అంటే కొండవాగు. సెంటరు గెడ్డకి ఇటు, ఊరు అటు. వానలు పడితే గెడ్డ మెడలోతు పారుతుంది. దాన్ని దాటడానికి వంతెన లేదు. గెడ్డ మాది కాదని ఒడిశా ఆఫీసువాళ్ళు రాసిచ్చారు, మాదీ కాదని ఆంధ్రావాళ్ళు రాసిచ్చారు. ఊళ్ళో ఓట్లు మాత్రం మావేనని ఇద్దరూ అంటారు. ఆ ఊరి దేముడమ్మకి ఇప్పుడు ఎనిమిదో నెల. కిందటిసారి నీళ్ళు తగ్గేదాకా అవతలి ఒడ్డునే ఉండిపోయింది, పురిటిలోనే బిడ్డ పోయింది.

హాల్లో పెద్ద రాజ్యాలన్నీ పంచుకున్నాక ఒక్క దేశం మిగిలిపోయింది. చైర్మన్ గారి సామ్రాజ్యానికీ రోడ్ల శాఖ సామ్రాజ్యానికీ మధ్య ఇరుక్కుని గోరంత ఉంది. దాని పేరు ఎవరికీ నోరు తిరగలేదు. అది తీసుకుంటే శాఖ పరువు పోతుందని అందరూ తప్పుకున్నారు. చైర్మన్ గారి పీఏ సూర్యప్రకాష్ నలువైపులా చూసి, అర్జీతో నిలబడ్డ దొర్కాని తెచ్చి కూర్చోబెట్టాడు. చిన్న దేశం ఏం చెయ్యాలని ఆమె అడిగింది. దారి అడిగితే ఇవ్వాలి, ఇచ్చాక కనబడకూడదు, అంతే పని అన్నాడు.

యుద్ధం మొదలైంది. చైర్మన్ గారి సైనికులు నలభై వేలమంది గోరంత దేశపు నది ఒడ్డుకు వచ్చి, దాటడానికి అనుమతి అడిగారు. యుద్ధాల సంగతి దొర్కాకి తెలీదు. ఆఫీసుల సంగతి పదిహేనేళ్ళుగా తెలుసు. ఆ ఆఫీసుల్లో తనకు ఎవరేం చెప్పారో అదే టైపు చేసింది. అర్జీ అందింది, మూడు కాపీలు పెట్టండి. పెట్టారు. నది ఎవరిదో ముందు తేలాలి. ఆగారు. అవతలి రాజ్యం అభిప్రాయం కోసం పంపాం, వచ్చాక తెలియజేస్తాం.

ఈలోగా కంప్యూటర్లో చలికాలం వచ్చింది. సైనికులు ఒడ్డునే వందలకొద్దీ చచ్చిపోసాగారు. చైర్మన్ గారు టీ పక్కన పెట్టేశారు.

"సిస్టరూ, అంతమంది ఒడ్డునే పడున్నారు. అవతలికెల్లడానికి దారి నేదు. ఆ బాధేటో నీకు తెల్సా?" అన్నారు.

"తెల్సు సార్. అర్జీలో అదే రాసేను," అంది దొర్కా.

చైర్మన్ గారి కళ్ళు చెమర్చాయి. వంతెన లేనివాళ్ళ కోసం ఒక నాయకుడు కంటతడి పెట్టడం ఆ జిల్లాలో అదే మొదలు. దొర్కాకి ప్రాణం లేచొచ్చింది. ఈ క్షణమే వంతెన మంజూరు చేస్తున్నానని ఆయన మీట నొక్కారు. మూడు సెకన్లలో నది మీద వంతెన లేచింది. అంత వేగం సర్వీసులో చూడలేదని రోడ్ల శాఖ ఆఫీసరు నిలబడి చప్పట్లు కొట్టాడు.

నలభై వేలమందిలో మిగిలినవాళ్ళు వంతెన దాటారు. రెండు నిమిషాల్లో గోరంత దేశం చైర్మన్ గారి రంగులోకి మారిపోయింది. చిన్న దేశం చరిత్రలో తన పాత్ర తాను పోషించిందని ఆయన అభినందించారు.

దొర్కా కుర్చీలోంచి లేచింది. "మరి మా గెడ్డ మీద వంతెన సార్?"

చైర్మన్ గారు సూర్యప్రకాష్ వైపు చూశారు. "ఆగ్యా," అని ఒడియాలో చిత్తం చెప్పి అతను రాసుకున్నాడు.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. దొర్కా పరిధిలోని నదిపై వంతెన మంజూరై, పూర్తయి, వాడుకలో ఉంది. తొలిరోజే వేలాదిమంది దాటారు. అర్జీ పరిష్కారమైనందున మూసివేయడమైనది.

ఆ ఉత్తరం అందిన నాలుగో రోజు పొద్దున్నే దేముడమ్మకి నొప్పులొచ్చాయి. రాత్రంతా వాన. దొర్కా ముందే ఊరు చేరి ఉంది కాబట్టి సరిపోయింది. నలుగురు డోలీ ఎత్తారు. గెడ్డ ఒడ్డుకు వచ్చేసరికి దొర్కా ఫోను మోగింది, ఎత్తింది. రికార్డు చేసిన ఆడగొంతు, సరిహద్దు వికాస మండలి నుంచి. మీకు మంజూరైన వంతెన బాగుంటే ఒకటి నొక్కండి, చాలా బాగుంటే రెండు నొక్కండి.

"ఎవులు సిస్టరమ్మా?" అంది డోలీలోంచి దేముడమ్మ.

"ఎవులూ కాదు. నువ్వు గట్టిగా పట్టుకో."

దొర్కా ఫోన్ని అలాగే కాన్పు సామాన్ల సంచిలో పడేసి, సంచి నెత్తిన పెట్టుకుని, డోలీవాళ్ళ వెనకే నీళ్ళలో దిగింది. నీళ్ళు నడుం దాటాయి, రొమ్ము దాటాయి. జవాబు రాకపోతే చాలా బాగున్నట్టు నమోదు చేసుకుంటామని సంచిలోంచి ఆ గొంతు చెబుతూనే ఉంది.